ఫాతిమా అనే పేరు
(పాతపట్నంలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన వంశాలలో ఫాతిమా లేని వంశం అరుదు. అరబ్బీలో ఈ పేరుకు మూలమైన ధాతువుకు బిడ్డకు పాలు మాన్పించడమని అర్థం. పాలు మాన్పించే తల్లి ఫాతిమా. బిడ్డను అన్నం తినే వయసు దాకా కాపాడుకొన్న తల్లి గౌరవం ఈ మాటలో ఉన్నది. దైవప్రవక్త (స) కుమార్తె వల్ల ఈ పేరు లోకమంతటా వ్యాపించినా, అరబ్బులలో అంతకుముందే వాడుకలో ఉన్నది. హజ్రత్ అలీ (ర) తల్లి ఫాతిమా. హజ్రత్ ఉమర్ (ర) సోదరి కూడా ఫాతిమాయే. పోర్చుగల్‌లో ఫాతిమా అనే ఊరున్నది. 1917లో అక్కడ మేరీమాత దర్శనమిచ్చిందని కేథలిక్కుల విశ్వాసం. మన కాజీపేటలోని ఫాతిమానగర్‌కు ఆ పేరు చర్చి వల్ల వచ్చినదే. పేరు వినగానే మతం తేల్చేసేవారు ఒకసారి అక్కడికి వెళ్లి రావాలి.

ఇక రాత సంగతి. అరబ్బీ 'ఫ' ధ్వని తెలుగు నోట పలకదు గనుక పల్లెల్లో ఆమె పాతిమా, పాతింబీ అవుతుంది. ఇంగ్లీషులో 'టి' మాత్రమే రాస్తే 'ఫాటిమా' అని చదువుతారని దక్షిణాదివారు పక్కన 'హెచ్' చేరుస్తారు. ఉత్తరాదివారు సాధారణంగా చేర్చరు. బీ, బీబీ, బేగం అనేవి గౌరవ పదాలు. 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయిన ఫాతిమా బీవీ పేరులోని 'బీవీ' మన 'బీబీ'యే, కేరళ పలుకుబడిలో. ఆమె పేరులో అది స్థిరపడింది. మన కాగితాలలో ఒకచోట ఉంటుంది, మరొకచోట ఉండదు.

ఉద్యోగకాలంలో ఒక వితంతువు కాగితాలు చూశాను. రేషన్ కార్డులో షేక్ ఫాతిమా బీ, ఆధార్‌లో ఫాతిమా షేక్, బ్యాంకు పుస్తకంలో పాతిమాబీ. ముగ్గురు మనుషులన్నట్లు ఆమె పింఛను నెలల తరబడి ఆగింది. పర్లాకిమిడి నుంచి మన ఇళ్లకు కోడళ్లుగా వచ్చేవారికి చిక్కు ఇంకా ఎక్కువ. ఒడియా కాగితం ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి తెలుగులోకి మారేసరికి పేరు రూపమే మారిపోతుంది. గుమాస్తా చెవికి వినిపించినట్లు రాస్తాడు. ప్రతిసారీ అది ద్వేషమని అనుకోనక్కరలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి గనుక చెబుతున్నాను.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి, ఓటు, పాస్‌పోర్టు, ప్రభుత్వోద్యోగం అన్నింటికీ పుట్టిన తేదీ, స్థలాలకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడిన అక్షరమే బిడ్డ వెంట నడుస్తుంది. 2007 నుంచి ఉన్న 4 శాతం బి.సి.-ఇ రిజర్వేషన్ కోసం ధ్రువపత్రం అడిగిన రోజున, 'షేక్' ముందున్నదా వెనకున్నదా అన్న ప్రశ్న కూడా వస్తుంది.

కాబట్టి పేరు నోటితో చెప్పకండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చీటీ మీద రాసి ఇవ్వండి. బీబీ ఉంచాలో వద్దో భార్యాభర్తలు ముందే తేల్చుకోండి. పేరు లేకుండా జననం నమోదైతే, నమోదైన నాటి నుంచి పన్నెండు నెలల వరకు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. పత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి; చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లల చేత చదివించుకోండి.