బీరువా తాళం తీశాక

  

ఆగస్టు 9 వచ్చిందంటే జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. కానీ సంఘం వాళ్లు నన్ను హాస్టల్ పిల్లల చదువు గురించి చెప్పమన్నారు. అది చాలా పెద్ద విషయం, నాకిచ్చిన టైమ్ చాలదు. అందుకని మా ఆశ్రమ పాఠశాలలో లైబ్రరీ ఎట్లా పెట్టామో అదొక్కటే చెప్తాను. ఇంకో మూడు రోజులాగితే, ఆగస్టు 12న, లైబ్రేరియన్ల దినం. ఎస్.ఆర్. రంగనాథన్ గారి పేరు మీద జరుపుతారు. ఆయన 1931లో లైబ్రరీకి ఐదు సూత్రాలు రాశారు. మొదటి సూత్రం అర్థం ఏమిటంటే, పుస్తకం ఉన్నది వాడుకోవడానికి, దాచుకోవడానికి కాదు. టీచర్ ట్రైనింగులో ఇది చదువుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఆ తర్వాత వార్డెన్‌నై నాలుగేళ్లు పుస్తకాల బీరువాకు తాళం వేసి పెట్టాను.

ఎందుకని అడిగితే, భయం. నేను చార్జి తీసుకున్నప్పుడు స్టాక్ రిజిస్టర్ ముందు పెట్టుకుని దుప్పట్లు, ప్లేట్లు, బకెట్లతో పాటు పుస్తకాలు కూడా లెక్కపెట్టి సంతకం చేశాను. బదిలీ మీద పోయేటప్పుడు ఒక్కటి తగ్గినా ఎవరో ఒకరు అడుగుతారు. ప్లేటు పోతే బజార్లో కొని పెట్టొచ్చు. పుస్తకం పోతే అదే పుస్తకం ఎక్కడ తేవాలి? అందుకే తాళం. తాళంచెవి నా కొంగుకే ఉండేది. తప్పు ఇంకెవరిదో అని చెప్పను, నాదే.

తాళం తీయించింది ఏడో తరగతి పిల్ల. మా స్టోర్‌రూంలో అరల మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద పప్పు డబ్బాలు, నూనె టిన్నులు పెడతాం. ఒకరోజు ఆ పిల్ల కందిపప్పు డబ్బాను మెల్లగా జరుపుతోంది. బెల్లం కోసమేమో అనుకుని గట్టిగా అరిచాను. పాపం, ఆదివారం అనుబంధంలో వచ్చిన కథ చదువుతోంది. చివరి భాగం డబ్బా కింద ఉండిపోయింది. "మేడం, ఆ పిల్లగాడు ఇంటికి చేరిండా లేదా చూస్తున్న" అంది. పేపరు అక్కడికే చిరిగిపోయి ఉంది. పిల్లగాడు చేరాడో లేదో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదంటే నమ్మండి.

మరుసటి ఆదివారం బీరువా తెరిచాం. కింది అరకు చెదలు. మిగిలినవాటిలో సగం పుస్తకాలు పిల్లలవే కావు. ఎవరో దానం చేసిన పాత పోటీ పరీక్షల గైడ్లు, ఒకే వ్యక్తిత్వ వికాసం పుస్తకం కట్టలు కట్టలు, పాత సిలబస్ వర్క్‌బుక్కులు. మన పిల్లలకు పుస్తకాలిస్తామని వచ్చేవాళ్లు మంచి మనసుతోనే వస్తారు, కానీ ఇంట్లో అడ్డమైనవి తెచ్చిస్తారు. మీలో ఎవరైనా రేపు దాతలైతే ఇది గుర్తుపెట్టుకోండి. హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి, కమిటీ తీర్మానం రాయించి, చెదలు పట్టినవి రైటాఫ్ చేయించాం. ఒకసారి కాగితం మీద పద్ధతి ప్రకారం రాసుకున్నాక సగం భయం పోయింది. ఈ పని నాలుగేళ్ల కిందటే చేయొచ్చు.

తర్వాత నేను చేసిన పొరపాటు చెప్తాను. ట్రైనింగులో నేర్చుకున్న డ్యూయీ పద్ధతి బయటికి తీశాను. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ తెచ్చిన పద్ధతి అది. లోకంలోని విషయాలన్నిటినీ పది భాగాలు చేసి నెంబర్లిచ్చాడు. పెద్ద లైబ్రరీకి చాలా మంచిది. మా పిల్లలకు మాత్రం జానపద కథలు 398.2, తెలుగు సాహిత్యం 894.827 అని చీటీలు అంటించాను. వారం రోజులు తిప్పలు పడి అంటించాను. ఆరో తరగతి పిల్ల వచ్చి, "మేడం, నవ్వొచ్చే పుస్తకం ఏ నెంబరు?" అని అడిగింది. నవ్వుకు విడిగా ఒక నెంబరు ఏదని చెప్పను? 'బుడుగు', 'బారిష్టర్ పార్వతీశం' రెండూ సాహిత్యంలోనే ఉంటాయి, ఏడిపించే కథలతో కలిసి. ఆ పిల్లకు కావాల్సింది సాహిత్యం కాదు, నవ్వు.

అప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, "సగాల లెక్క పెడదాం మేడం" అంది.

ఇక్కడ కోయ, కొలాం, నాయక్‌పోడ్ తమ్ముళ్లు కూడా ఉన్నారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. మా గోండులలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లని సగాలుంటాయి. ఒక్కో సగాలో ఎన్నో ఇంటిపేర్లు. కొత్తవాళ్లు ఎదురైతే ఇంటిపేరు చెప్పగానే ఏ సగానో తెలిసిపోతుంది, ఏ వరస పెట్టి పిలవాలో తెలిసిపోతుంది. మా పిల్లలు ఐదేళ్లకే ఈ లెక్క నేర్చుకుంటారు. ఎవరు ఎవరితో కూర్చోవాలో నెంబర్ చీటీ లేకుండానే తెలిసిన పిల్లలకు నేను దశాంశాలు నేర్పుతున్నాను!

చీటీలన్నీ పీకేశాం. డైనింగ్ హాల్లో టార్పాలిన్ పరిచి పుస్తకాలన్నీ పోశాం. ఇద్దరిద్దరు పిల్లలు ఒక పుస్తకం తీసుకోవాలి, రెండు మూడు పేజీలు చదవాలి, ఏ కుప్పలో వేయాలో చెప్పాలి. కుదరకపోతే గట్టిగా అందరినీ అడగాలి. కుప్పల పేర్లు కూడా వాళ్లే పెట్టారు. నవ్వించేవి. భయపెట్టేవి. అడవి, జంతువులు. దూరం పోయినవాళ్లు, అంటే సాహసాలు, ప్రయాణాలు. నిజంగా బతికినవాళ్లు, అంటే జీవిత చరిత్రలు. ఎందుకు–ఎలా, అది సైన్సు. పాటలు, పద్యాలు. పెద్ద కథలు, అంటే నవలలు. చిన్న క్లాసుల కోసం బొమ్మలవి. రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు రోజుల్లో పిల్లలు చదివినంత ఆ ఏడాదంతా చదివి ఉండరు. సర్దడమే చదవడం అయింది.

గుర్తు కోసం కరెంటు పనివాళ్లు వాడే రంగు టేపు తెచ్చాం. చవక, తేమకు ఊడిపోదు. కానీ మా ఊరి దుకాణంలో ఆరు రంగులే దొరికాయి, కుప్పలు తొమ్మిది. మూడింటికి రెండు రంగులు కలిపి చుట్టాం. పుస్తకం వీపు మీద కింద రెండు వేళ్లు వదిలి టేపు చుడితే అరలో అన్నీ ఒకే ఎత్తులో కనబడతాయి. ఎర్ర టేపు వరుసలో పచ్చది దూరితే అక్షరం రాని పిల్ల కూడా పట్టేస్తుంది. ఇప్పుడు అరలు సర్దేది చిన్న క్లాసుల పిల్లలే.

గొడవలు కాలేదని కాదు. అల్లం రాజయ్య, సాహు గార్లు రాసిన 'కొమురం భీం' పుస్తకం దగ్గర పెద్ద గొడవైంది. అది నవల. మా తెలుగు టీచరు నవలల్లో పెట్టమంది. పిల్లలు ఒప్పుకోలేదు. "జోడేఘాట్ మా ఊరి నుంచి నడిచి పోవచ్చు. భీం తాత కథ ఎట్లయితడు?" అన్నారు. టీచరు చెప్పింది తప్పు కాదు. నిజంగా జరిగినదాన్ని తీసుకుని, మనుషుల మాటలు, మనసులోని సంగతులు ఊహించి రాస్తే అది నవలే. పిల్లలు చెప్పిందీ తప్పు కాదు. చివరికి పుస్తకాన్ని 'నిజంగా బతికినవాళ్లు' దగ్గర పెట్టి, నవలల అరలో అంతే మందం ఉన్న చెక్కముక్క నిలబెట్టాం. దాని మీద "నేను అక్కడున్నాను" అని రాసి ఉంటుంది. 'రైలుబడి'కి, 'ఏడు తరాలు'కు కూడా ఇప్పుడు అట్లాంటి చెక్కలున్నాయి.

అసలు చిక్కు దండారి సెలవుల తర్వాత వచ్చింది. ఇంటికి పోయేటప్పుడు పిల్లలకు తలా ఒక నోట్‌బుక్ ఇచ్చి, అవ్వనో తాతనో అడిగి ఒక కథ రాసుకు రమ్మన్నాను. గోండీలో వద్దంటే తెలుగులో, ఏదైనా సరే. 23 మంది రాసుకొచ్చారు. ఎక్కువమంది గోండీ మాటలు తెలుగు అక్షరాల్లో రాశారు. నలుగురు మాత్రం పైన పేరును గుంజాల లిపిలో రాశారు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, అంటే మీ ఫోన్లకు కూడా అది రావచ్చు. ఇంకో సంగతి. 1943లోనే హైమన్‌డార్ఫ్ గారు మార్లవాయిలో గోండు టీచర్లకు ట్రైనింగ్ మొదలుపెట్టారు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. మన భాషలో బడి పుస్తకం కొత్త కల కాదు. అయినా నా బడి రోజుల్లో నేను ఒక్కటీ చూడలేదు.

ఆ నోట్‌బుక్కులను పంచతంత్రం పక్కన పెట్టాం. కథలే కదా అనుకున్నాం. ఒక పిల్ల తాత, ప్రధాన్ పెద్దాయన, కిక్రి వాయించి వంశాల చరిత్ర పాడేవాడు, మనవరాలిని చూడటానికి వచ్చాడు. అక్షరం రాదు. మనవరాలు తన నోట్‌బుక్ చదివి వినిపించింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పక్కనున్న పుస్తకం ఏమిటని అడిగాడు. నక్క, కొంగ కథలని చెప్పింది. "మా పెర్సాపేన్ సంగతి నక్క పక్కన కూర్చుంటదా?" అన్నాడు. కోపంగా కాదు, చాలా మెల్లగా అన్నాడు. తను పాడేది కథ కాదట. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ ఇంటివాళ్లకు ఏ దేవుడు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇదంతా అందులో ఉందట. అందులో కొన్ని పూజ రోజున, దేవుడి ముందు మాత్రమే పాడాలట. ఎవరు పడితే వాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు తీసి చదివేవి కావట.

నేను జవాబు చెప్పలేకపోయాను. డ్యూయీని అడిగితే 398.2లో పెట్టమంటాడు. బయటివాళ్లు మన సంగతులన్నీ జానపద కథలని రాసేసుకుంటే మనం బాధపడతాం. అదే పని నా చేత్తో నేనే చేశాను.

అప్పుడు ఆయనను కూర్చోబెట్టి 23 నోట్‌బుక్కులూ చదివించాం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. అవ్వలు పిల్లలను నిద్రపుచ్చడానికి చెప్పినవి ఒక వైపు, జరిగినవి ఒక వైపు పెట్టించాడు. రెండు నోట్‌బుక్కులు అసలు అరలో వద్దన్నాడు. వాటిని ఆ పిల్లల చేతికే ఇచ్చి ఇంటికి పంపాం. లైబ్రరీ పెట్టినామె పుస్తకాలు వెనక్కి పంపడమేమిటని ఒక టీచరు అడిగింది. తాళం వేయడానికీ దీనికీ తేడా ఉందని నా నమ్మకం. అప్పుడు దాచింది నా భయం. ఇప్పుడు వద్దన్నది ఆ మాటలు ఎవరివో వాళ్లు. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. రాసి పెట్టకపోతే ఆ పెద్దాయనతోనే పోతాయి కదా అంటారు. ఆ బాధ నాకూ ఉంది. దాని మీద సంఘం పెద్దలతో కూర్చుని మాట్లాడాలి.

మిగిలినవాటికి కొత్త అర వచ్చింది. పేరు పిల్లలే పెట్టారు: మనవి. మనవి అంటే మన పుస్తకాలు. హెడ్‌మాస్టర్ గారు అది చూసి దరఖాస్తు అనుకున్నారు.

పుస్తకాలు పోతాయా అని మీరు అడుగుతారు. పోయాయి. మొదటి ఏడాది 11 పోయాయి. రిజిస్టర్‌లో రాశాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఉద్యోగం పోలేదు. పన్నెండోది కూడా పోయిందనుకున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల పత్తి ఏరడానికని ఇంటికి పోయి మళ్లీ రాలేదు. పెళ్లి మాటలు నడుస్తున్నాయని విన్నాను. రెండుసార్లు వాళ్ల ఇంటికి పోయాను, ఇంకా వదల్లేదు. ఆమె తీసుకుపోయిన పుస్తకాన్ని తమ్ముడితో పంపింది. మధ్యలో ఒక పేజీ మడిచి ఉంది. అక్కడిదాకే చదివింది. ఆ పుస్తకాన్ని అదే పిల్లగాడితో వెనక్కి పంపాను. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా 'బయట ఉంది' అని రాశాను, గడువు తేదీ వేయలేదు.

ఇక మీరు చేయగలిగింది. డిగ్రీ చదివేవాళ్లు, బీఈడీ చేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. గైడ్లు తేవద్దు. మీరు నిజంగా ఇష్టపడి చదివిన ఒక్క పుస్తకం తెండి. గోండీలో బొమ్మల పుస్తకాలు కొన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. నాగరి చదవడం వచ్చినవాళ్లు వాటిని చిన్నపిల్లలకు చదివి వినిపించాలి, తెలుగు అక్షరాల్లో ఎత్తి రాయాలి. గుంజాల లిపి వచ్చినవాళ్లు నెలకు ఒక ఆదివారం వస్తే మా పిల్లలతో పాటు నేనూ నేర్చుకుంటాను. ముందురోజు ఫోన్ చేస్తే చాలు, మీకు కూడా బియ్యం పోస్తాం. రాం రాం.