ఓడలో కింది అంతస్తువారు

 

నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ దృష్టాంతం మీరు ఎరిగినదే. సహీహ్ బుఖారీలో ఉంది. చీట్లు వేయగా కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చాయి. కిందివారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకని తమ వంతు భాగంలోనే రంధ్రం చేసుకోదలచారు. పైవారు వారి చేయి పట్టుకుంటే అందరూ బతుకుతారు, వదిలేస్తే అందరూ మునుగుతారు. గమనించండి, ఆ కిందివారిలో దురుద్దేశం లేదు.

భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో ఆ హదీసు చదివినప్పుడు మాకొక వ్యత్యాసం కనిపిస్తుంది. అక్కడ గొడ్డలి పట్టినవాడి కాళ్ళే ముందుగా తడుస్తాయి. ఇక్కడ గొడ్డలి పైవారి చేతిలో ఉంది, నీరు కిందివారి పడకలను చేరుతోంది. అమెరికాలో తలకు ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతోంది, మన దేశంలో సుమారు 2 టన్నులు. పాకిస్తాన్‌లో మనకంటే తక్కువే. అయినా 2022 వరదలలో అక్కడ 1,700 మందికి పైగా మరణించారు. పైగా ఆ వాయువులో కొంత భాగం వందల ఏళ్ళు ఆకాశంలోనే నిలుస్తుంది. గొడ్డలి పట్టినవాడు ఖననమయ్యాక మనవలు తడుస్తారు.

మరి చేయి పట్టుకునేదెవరు? 1997లో క్యోటోలో సంపన్న దేశాలు హద్దులు రాసుకున్నాయి. అమెరికా సంతకం చేసి కూడా ఆమోదించలేదు, కెనడా 2011లో వైదొలగుతున్నట్లు ప్రకటించింది. 2015 నాటి పారిస్ ఒప్పందంలో ఏ దేశం వాగ్దానం ఆ దేశమే రాసుకుంటుంది. మాట తప్పితే శిక్ష లేదు.

ఇతరులను నిందించి మనం తప్పించుకోలేము. చమురు అమ్మి సంపన్నమైన వాటిలో ముస్లిం దేశాలెన్నో ఉన్నాయి. అక్కడి జీతాలతో కడపలో, హైదరాబాదులో, నిజామాబాదులో మనవారు ఇళ్ళు కట్టుకున్నారు, బిడ్డల నికాహ్‌లు చేశారు. మింబరుపై నిలిచి ఈ మాట చెప్పడం మాకూ సులభం కాదు.

2024 హజ్‌లో మక్కాలో వేడి 50 డిగ్రీలు దాటింది. 1,301 మంది మరణించారు. వారిలో 83 శాతం అనుమతి పత్రం లేక, నీడ లేక ఎండలో చాలా దూరం నడిచినవారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. ఏసీ గుడారాలలోని వారూ, వారూ ధరించిన ఇహ్రాము ఒక్కటే.

ఈ నమాజు తరువాత మస్జిదు కమిటీ సమావేశమవుతుంది. మిద్దెపై సౌర ఫలకాల ప్రస్తావన మూడేళ్ళుగా వాయిదా పడుతోంది. మొదటి చందా మరొకరు రాస్తారని అందరం చూస్తున్నాము, మేము సహా. నేడు పుస్తకంలో మా పేరు ముందుగా రాశాము. దాని కింది గీత ఖాళీగా ఉంది.