బాయి ఎట్ల నడుస్తదో మనం ఎందుకు తెలుసుకోవాలె?

(బొగ్గు బాయిల పక్క పల్లెలో కాంట్రాక్టు కార్మికులు, వాళ్ల కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి పంతుళ్లకు బాయి సంగతి ఏం తెలుసు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఇండ్లల్ల మొదట డిగ్రీ చదివింది మా తరమే. అంతకుముందు తరాలు తట్ట మోసినయి. బాయి పని మీకు తెలుసు. కానీ బాయిని నడిపే లెక్కను మాత్రం మనదాక రానియ్యలేదు. ఆ లెక్క గురించి మాట్లాడుకుందామనే వచ్చినం.

1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని కనిపెట్టిండని పుస్తకాల్లో రాసి ఉన్నది. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పట్టింది. 1889లో ఇల్లందులో తవ్వుడు మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. దొరతనం పేర్లన్నీ భద్రంగా ఉన్నయి. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన మాల మాదిగల పేర్లు, బీసీల పేర్లు, ఆదివాసుల పేర్లు ఆ పుస్తకాల్లో వెతికినా దొరకవు.

వెట్టి నుంచి తప్పించుకుని, నెలకింత జీతం వస్తదని ఊరు విడిచి బాయికి వచ్చినోళ్లు మనవాళ్లు. ఊళ్లో దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినోడు బాయి మీద బూట్లు తొడిగిండు. అది చిన్న సంగతి కాదు. అయితే కూర్చునే పని ఎవరికి, వంగే పని ఎవరికి అనేది బాయిలో కూడ చానా వరకు ఊరి లెక్కనే సాగింది. ప్లాను కాగితం పైన ఆఫీసులో ఉండె. తట్ట కింద మన నెత్తి మీద ఉండె.

ఇప్పుడు బాయి లోపలికి పోదాం.

భూమి కింద బొగ్గు పరుపులు పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటది. ఆ పొరలో నిలువు తొవ్వలు, అడ్డం తొవ్వలు కొడతరు. నడుమ కోయకుండా విడిచిన బొగ్గు దిమ్మెలే పిల్లర్లు. పైన ఉన్న బండ భారమంతా వాటి మీదనే. తొవ్వ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటొద్దని బొగ్గు గనుల రెగ్యులేషన్లలో రాసి ఉన్నది. బాయి ఎంత లోతు పోతే పిల్లరు అంత పెద్దగ ఉంచాలె. ఎక్కువ బొగ్గు కోసం తొవ్వను వెడల్పు చేసిన్రంటే పిల్లరును కొరికినట్టే. ఆఖరుకు ఆ పిల్లర్లను కూడ కోసుకుంటూ వెనక్కి వస్తరు. ఖాళీ చేసిన జాగల బండను కూలనిస్తరు. దాన్నే గోఫు అంటరు. బాయి పనిలో అన్నింటికన్న ప్రమాదమైనది ఇదే.

బండ కూలకముందు చెప్తది. మన పాత ఫిల్లర్లు కట్టెతో, గడ్డపారతో బండను తట్టి చూసెటోళ్లు. గట్టి బండ గణగణమంటది, వదులైన బండ బోలు చప్పుడు చేస్తది. కట్టె దిమ్మ విరిగేముందు చిటపటమంటది. ఆ చప్పుడు విని ఎంతమంది పానాలు దక్కించుకున్నరో మీ ఇండ్లల్ల ముసలోళ్లను అడగండి. ఇది ఏ కాలేజీలో నేర్చిన చదువు కాదు. ఒక ఫిల్లరు ఇంకో ఫిల్లరుకు చెప్పిన చదువు.

రెండోది గాలి. బాయికి కనీసం రెండు దారులు ఉండాలె. ఒక దారి నుంచి మంచి గాలి లోపలికి పోతది, ఇంకో దారి నుంచి పెద్ద ఫ్యాను చెడు గాలిని బయటికి గుంజుతది. షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి 6 క్యూబిక్ మీటర్ల గాలికి తక్కువ కావొద్దు. గాలిలో ఆక్సిజన్ నూటికి 19 పాళ్లకు తగ్గొద్దు. నడుమ గాలి తలుపులు ఎందుకు పెడతరంటే గాలి అడ్డదారి పట్టకుండ పని జరిగే మొఖం దాక పోవాలని. ఎవరో ఒకరు ఆ తలుపు తెరిచిపెట్టి పోతే లోపల వందమంది ఊపిరికి దెబ్బ. మీథేన్ గ్యాసు పేరుకుంటే చిన్న నిప్పురవ్వ చాలు. బాయి దిగేముందు బీడీ, అగ్గిపెట్టె కోసం జేబులు తడిమేది అందుకే. అది అవమానం కాదు, అందరి పానానికి కాపలా.

మూడోది నీళ్లు. పాత పనులల్ల ఏండ్ల తరబడి నీళ్లు నిలుస్తయి. అసొంటి జాగకు 60 మీటర్ల దగ్గరికి పోవాల్నంటే ముందు అనుమతి కావాలె, ముందటికి బోరు వేసి చూడాలె. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 370 మందికి పైగా సచ్చిపోయిన్రు. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయిన్రు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బండ కూలి ముగ్గురు సచ్చిపోయిన్రు. వాళ్లల్ల అధికారులూ ఉన్నరు, కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నడు. బండకు కులం తెలువదు, హోదా తెలువదు. కానీ రోజూ బండ కింద ఎవరిని నిలబెట్టాల్నో మనుషులే నిర్ణయిస్తరు.

ఇప్పుడు అసలు సంగతి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మనెంటు కార్మికులు ఉండె. ఇప్పుడు దగ్గర దగ్గర 40 వేలు. బొగ్గు చానా వరకు ఓపెన్ కాస్టుల నుంచే వస్తున్నది. తట్ట పోయి యంత్రం వచ్చింది, మంచిదే. కానీ పర్మనెంటోడు తగ్గి కాంట్రాక్టోడు పెరిగిండు. ముప్పయి ఏండ్లు బాయిలో ఉన్నోనికి బండ చప్పుడు తెలుస్తది. ఆర్నెల్లకోసారి మారే మన పోరనికి ఎవరు చెప్పాలె? ఆ చదువు తెగిపోతున్నది. తెగిన జాగలనే మన వాడల పిల్లలు నిలబడి ఉన్నరు.

ఇక్కడ బాబాసాహెబ్‌ను తలుచుకోవాలె. 1942 నుంచి 1946 దాక ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయిండు. ఆఫీసుల కూసుండి రిపోర్టు తెప్పించుకోలేదు. కార్మికులు పనిచేసే జాగకు పోయి, ఉండే ఇండ్లకు పోయి కండ్లార చూసిండు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. పోయి చూడాలె, తెలుసుకోవాలె, తెలిసినదాన్ని హక్కుగ రాయించుకోవాలె. ఆయన మనకు చూపిన బాట ఇదే.

1952 గనుల చట్టం ఇప్పుడు లేదు. 2025 నవంబర్ 21 నుంచి దాని జాగల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల లేబర్ కోడ్ వచ్చింది. ఈ కోడ్ మీద మనకు కొట్లాటలు ఉన్నయి, అది వేరే సభ. కానీ పని జాగల ప్రమాదం ఉన్నదని అనుమానం వస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు అందులో రాసి ఉన్నది. రాసి ఉన్నదాన్ని వాడుకోవాలె.

అందుకే తమ్ముళ్లారా, బాయి దిగేముందు ఈ ఐదు సంగతులు అడగండి.

ఒకటి: నా పేరు రిజిస్టరులో ఉన్నదా? పేరు లేనోడు సచ్చిపోతే లోపల ఉన్నట్టు సాక్ష్యం ఉండదు.

రెండు: నాకు శిక్షణ ఇచ్చిన్రా? కొత్తోనికి శిక్షణ ఇచ్చినంకనే పని చెప్పాలన్న రూలు 1966లోనే వచ్చింది. ఉత్త సంతకం పెట్టించుకుంటే శిక్షణ కాదు.

మూడు: టోపీ, బూట్లు, నంబరున్న లైటు, మొలకు కట్టే సెల్ఫ్ రెస్క్యూయర్ నాకు ఇచ్చిన్రా? షిఫ్టు దిగినంక ఒక్క లైటు తిరిగి రాకున్నా ఒక మనిషి లోపల ఉండిపోయిండని అర్థం.

నాలుగు: ఇయ్యాల బండను, గాలిని చూసిన సర్దార్ ఎవరు? పుస్తకంలో ఏం రాసిండు?

ఐదు: ఏదన్న అయితే బయటపడే రెండో దారి ఎటు?

ఒక్కడు అడిగితే పని పోతది. నలభై మంది కలిసి అడిగితే జవాబు వస్తది. వాడకొక పటం గీసి పెట్టుకుందాం. దిగిపోయిన ముసలి ఫిల్లర్లను వారానికొక రోజు అంబేద్కర్ భవనానికి పిలిచి, బండ చప్పుడు ఎట్ల వినాల్నో పోరగాండ్లకు చెప్పిద్దాం. రూళ్ల పుస్తకం చదివి వినిపించే పని మాది, చదువుకున్నోళ్లది. అక్కలారా, మీ ఇంటోడు డ్యూటీకి పోయేటప్పుడు "సద్ది పెట్టుకున్నవా" అని అడుగుతరు గదా. దాని ఎన్కనే "పేరు రాయించుకున్నవా" అని కూడ అడగండి.

నూరేండ్లు తట్ట మనది, లెక్క వాళ్లది. ఇగ లెక్క కూడ మన చేతికి రావాలె.

జై భీమ్!