యాసిడ్ కొరికిన గీత

ఈ పూట ప్రసంగం ఒక రకం బొమ్మల గురించి. రేడియోలో బొమ్మలేమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. కానీ ఎచ్చింగ్ అనే ఈ అచ్చుబొమ్మను కంటితో చూసేముందు అది తయారయ్యే తీరు చెవితో వినడం మంచిదే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల వాళ్లకైతే ఇది ఇట్టే అర్థమవుతుంది. జింకు రేకు, మైనం, యాసిడ్, రోలరు. దీనికి కావలసిన సామానంతా అక్కడి షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్లకు తెలిసిందే.

నున్నగా సానపట్టిన రేకుకు మైనం, తారు కలిపిన పూత పూస్తారు. అది ఆరాక సూదితో బొమ్మ గీస్తారు. సూది తగిలినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. ఆ రేకును నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ఉంచితే, పూత లేనిచోట మాత్రమే యాసిడ్ కొరుకుతుంది. కాసేపు ఉంచితే వెంట్రుకంత గీత పడుతుంది, చాలాసేపు ఉంచితే లోతైన గాడి పడుతుంది. గీత నలుపు ఎంతన్నది చేతి బలం కన్నా గడియారం మీదే ఎక్కువ ఆధారపడుతుంది! తర్వాత పూత కడిగి, సిరా పట్టించి, పైపైన గుడ్డతో తుడుస్తారు. మీద తడి కాగితం పరిచి రోలరు కింద నుంచి లాగుతారు. గాళ్లలో మిగిలిన సిరా కాగితానికి అంటుతుంది. బొమ్మ మాత్రం తిరగబడి వస్తుంది. రేకు మీద కుడివైపు చూసే మేక కాగితం మీద ఎడమవైపు చూస్తుంది.

మేక ఊరికే రాలేదు. ఈ విద్యలో తెలుగునేల మీద పెద్ద పేరు కె. లక్ష్మా గౌడ్. ఆయన బొమ్మల్లో మేకలు మనుషులతో సమానంగా తిరుగుతుంటాయి. 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్, హైదరాబాద్‌లో చదువు ముగించి 1963లో బరోడా వెళ్లారు. అక్కడ ఆయనకు గురువు కె.జి. సుబ్రమణ్యన్.

సుబ్రమణ్యన్ బొమ్మలు వేస్తూనే ఆలోచనలు పంచినవారు. కొన్నాళ్లు అఖిల భారత చేనేత బోర్డులో పనిచేశారు. చిత్రకారుడు పై మెట్టు మీద, కుమ్మరీ నేతగాడూ కింది మెట్టు మీద అన్న లెక్కను ఆయన ఒప్పుకోలేదు. ఆధునికుడు కావాలంటే ఊరి వాసన వదిలించుకోవాలన్న మాటా ఆయనకు నచ్చలేదు. 1987లో వచ్చిన ఆయన వ్యాసాల పుస్తకం పేరే 'ది లివింగ్ ట్రెడిషన్'.

శిష్యుడికి ఈ ఆలోచన మరో దారిలో అందింది. నగరాల్లో చదివి ఊరికి తిరిగొచ్చిన లక్ష్మా గౌడ్‌కు పాత ఊరే కొత్తగా కనబడింది. ఆడామగా సంబంధాల గురించి పట్నపు మధ్యతరగతి గొంతు తగ్గించి మాట్లాడే సంగతులు పల్లెలో దాపరికం లేకుండా సాగుతున్నాయి. ఆయన తొలి ఎచ్చింగుల్లోని శృంగారం అక్కడి నుంచే వచ్చింది. మనిషి, చెట్టు, పశువు ఒకదాన్లోకి ఒకటి అల్లుకుపోతాయి. చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారంటే అందులో వింతేమీ లేదు. తర్వాతి కాలపు తలపాగాల మగవాళ్లు, ముక్కుపుడకల ఆడవాళ్లు ఇప్పుడు పెద్ద ఇళ్ల డ్రాయింగు రూముల్లో వేలాడుతున్నారు. వాటిని 'పల్లె అందం' అని మెచ్చుకుని ఊరుకోవడం కొంచెం అన్యాయమే. ఆ ముఖాల్లో అమాయకత్వం తక్కువ, నిబ్బరం ఎక్కువ.

యాసిడ్ మాట వస్తే పటాన్‌చెరు ప్రాంతంలో బొమ్మలకన్నా ముందు నక్కవాగు గుర్తొస్తుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన వాగులు, పొలాల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లక్ష్మా గౌడ్ గీసినటువంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఇవాళ ఇక్కడ షిఫ్టు బస్సు కోసం నిలబడుతున్నారు. ఆయన బొమ్మ ముందు నిలబడితే వాళ్లు అడిగే ప్రశ్నలు గ్యాలరీకి అలవాటైనవాళ్లు అడిగేవి కావు.

మరి ఎచ్చింగును ఎలా చూడాలి? మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో అచ్చుచిత్రాల ప్రదర్శన ఏదైనా పెడితే, ముందు దూరం నుంచి కాకుండా జానెడు దగ్గరికి వెళ్లి చూడండి. ఏ గీత యాసిడ్‌లో ఎక్కువసేపు నానిందో వెతకండి. ఇసుక చల్లినట్టు బూడిదరంగు కనబడితే, అక్కడ రాళ్లపొడి కాదు, గుగ్గిలం లాంటి జిగురు పొడి చల్లి వేడిచేశారని అర్థం. కాగితం మీద బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం కనబడుతుంది. కొత్తవాళ్లు అసలు అచ్చును గుర్తుపట్టడానికి అదో ఆనవాలు.

కింద పెన్సిలుతో 5/20 అని ఉంటే, ఇరవై ప్రతుల్లో అది అయిదోది. ఆఖరి ప్రతి తీశాక చాలామంది కళాకారులు ఆ రేకు మీద అడ్డంగా గీతలు కొట్టేస్తారు, ఇంకెవరూ దాంతో అచ్చు తీయకుండా.