కిరాయి ఇంట్లో కరెంటు బండి
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఫీజులు, పుస్తకాలు, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బడి పంతుళ్లం వచ్చి కరెంటు మీటర్ సంగతి ఎత్తుతున్నామేమిటని మీకు అనిపించవచ్చు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో మా దగ్గర చదివే పిల్లల తండ్రుల్లో ఆటో తోలి ఇల్లు నడిపేవాళ్లు చాలామంది. ఆటో ఖర్చు తగ్గితే ఫీజు వేళకు వస్తుంది. తగ్గకపోతే పిల్లవాడు బడి మాని పనిలో చేరతాడు. అందుకే ఇది మాకు చదువు విషయమే.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన ఈవీ విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు కరెంటు బండ్లకు రోడ్డు ట్యాక్సు లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. అందుకే చాలామంది కరెంటు ఆటో వైపు చూస్తున్నారు. అయితే కొన్న బండికి రాత్రి ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి? సొంతిల్లు ఉన్నవారు గోడకు సాకెట్ బిగించుకుంటారు. కిరాయి వాటాలో ఉన్నవారు ఓనర్‌ను అడగాలి. అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయం. దాంతో కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగుతారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. కరెంటు ఆటో బ్యాటరీ నిండడానికి సుమారు 8 యూనిట్లు కావాలి. నెలకు 25 రోజులు తోలితే 200 యూనిట్లు. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఉచితంగా వస్తున్నదీ ఆ 200 యూనిట్లే. ఆ నెల 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. అంటే ఇంటి మీటర్ మీదే ఆటోకు ఛార్జింగ్ పెడితే ఫ్యాను, బల్బు, ఫ్రిజ్ అన్నిటికీ డబ్బు కట్టాల్సిందే. ఇక రెండు మూడు వాటాలకు ఒకే మీటర్ ఉన్న పాత ఇళ్లలో బిల్లు వచ్చిన రోజు గొడవే.

డబ్బు కన్నా పెద్దది ప్రాణం. ఇస్త్రీ పెట్టె పది నిమిషాలు వాడి ఆపేస్తాం. ఛార్జర్ గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగుతుంది. సన్నని పాత తీగ అంతసేపు మోయలేదు, వేడెక్కి కరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రిపూట ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. 2025 మే 18న మన గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో మంటలు లేచి పసిపిల్లలతో సహా 17 మంది పోయారు. అది బండి ఛార్జింగ్ వల్ల జరిగింది కాదు. కానీ బయటపడే దారి ఒక్కటే, అదీ ఇరుకుదైతే ఏమవుతుందో ఆ రోజు మనమంతా చూశాం. మన గల్లీల్లో బండి పెట్టేది ఆ దారిలోనే కదా!

మరి చట్టం ఏం చెబుతోంది? విద్యుత్ చట్టం 2003, 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని అడిగినా, ఇంట్లో ఉంటున్నవారు అడిగినా కరెంటు ఇవ్వాలి. ఓనర్ నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు కరెంటు నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంటి కనెక్షన్ మీదే బండికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్రం 2022 జనవరి మార్గదర్శకాల్లో తెలిపింది. దానికి వేరే కనెక్షన్ తీసుకోవచ్చని 2024 ఫిబ్రవరి సవరణలో చేర్చింది. వేరే మీటర్ ఉంటే ఇంటి లెక్క ఇంటిది, బండి లెక్క బండిది.

అయితే ఒక మాట. చట్టం కరెంటు ఇప్పిస్తుంది. ఒకరి గోడకు కన్నం వేసే హక్కు మాత్రం ఇవ్వదు. దానికి ఓనర్ మనసు కావాలి. ఈ సభలో కూర్చున్న దాతల్లో శాలిబండలో, మొగల్‌పురాలో, హుస్సేనీ ఆలంలో ఇళ్లు కిరాయికి ఇచ్చినవారు ఉన్నారు. మీ భయాలు మాకు తెలుసు. తీగ కాలితే ఇల్లు ఎవరిది? బిల్లు ఎగ్గొట్టి పోతే ఎవరు కట్టాలి? ఇవి న్యాయమైన ప్రశ్నలు. వీటికి ఒక్క పేజీ రాతకోతలు చాలు. మీటర్ ఎవరి పేరున ఉంటుంది, వైరింగ్ ఖర్చు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు ఛార్జర్ కిరాయిదారు తీసుకుపోవచ్చు, వైరింగ్ ఇంటికే ఉండిపోతుంది. ఈ నాలుగు ముక్కలు రాసుకుని ఇద్దరూ సంతకం చేస్తే చాలు.

పని కూడా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. మీటర్ నుంచి నేరుగా వేరే రాగి తీగ, దానికే ఒక ఎంసీబీ, షాక్ కొడితే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, 16 ఆంపియర్ల సాకెట్. అంతకంటే ముందు మంజూరైన లోడ్ సరిపోతుందో లేదో చూసుకోవాలి. కారుకు 16 ఆంపియర్ల సాకెట్ మీద ఛార్జింగ్ పెడితే మూడు కిలోవాట్లు దాటుతుంది, రెండు పెద్ద ఏసీలు ఒకేసారి నడిచినట్టే. మెట్ల కింద, గుమ్మం దారిలో మాత్రం ఛార్జింగ్ వద్దు.

దాతలను మేము మూడు కోరుతున్నాం. ఒకటి, మీ కిరాయిదారు అడిగితే కాదనకండి, కాగితం రాసుకుని ఒప్పుకోండి. రెండు, వైరింగ్‌కు, వేరే మీటర్‌కు అయ్యే ఖర్చును మన సంఘం ఖర్జె హసనాగా ఇచ్చేలా సాయం చేయండి. వడ్డీ లేని ఆ అప్పు ఇంధన ఖర్చు మిగులులోంచి నెలనెలా తిరిగి వస్తుంది, ఇంకొకరికి చేరుతుంది. మూడు, బండి దూరని గల్లీల వారికోసం, ఫంక్షన్ హాలు గానీ ఖాళీ ఆవరణ గానీ ఉన్నవారు రాత్రిపూట ఒక గోడ ఇవ్వండి. ఆ గోడకు నాలుగు సాకెట్లు, నాలుగు మీటర్లు పెడితే నాలుగు ఇళ్ల వారు ఎక్స్‌టెన్షన్ వైర్లు చుట్టి పక్కన పెడతారు.

ఇందులో దానం చేసే డబ్బు తక్కువ, ఇవ్వాల్సిన అనుమతి ఎక్కువ. చందా రసీదులో కనపడకపోయినా ఆ అనుమతి కూడా దానమే. అల్లాహ్ మీ ఇళ్లను, ఆ ఇళ్లలో ఉంటున్నవారిని చల్లగా చూడాలి. ఆమీన్.