చిన్న లేతుకు ఎట్టి టూల్‌పోస్టు?



పైరుల సంగతి చెప్పవలసినవాడు లేతు సంగతి ఎత్తుకొన్నాడేమని మీకు తోచవచ్చును. మీలో కొందరు సరదాకొద్దీ బల్లమీద ఇమిడే చిన్న లేతును కొట్టములో పెట్టుకొన్నారు. నాకును ఆ సరదా కలదు. విత్తే అదనులో ట్రాక్టరు గొర్రు చక్రపు బుష్షు అరిగినచో, పట్టణమునకు పరుగెత్తక ఇంటనే చేసికొనవచ్చును. అయితే టూలును పట్టియుంచు టూల్‌పోస్టు సరియైనది కానిచో లేతు ఎంత మంచిదైనను పని చెడును.

ముఖ్యమైన సూత్రము ఒక్కటే. టూలు మొన లేతు సెంటరుతో సరిసమానమైన ఎత్తున ఉండవలెను. విత్తనము తగిన లోతున పడకున్న మొలక సరిగా రాదు గదా! మొన పైకి ఉన్నచో టూలు కోయక రాచుకొనును. క్రిందికి ఉన్నచో ముఖము చదును చేయునపుడు నడుమ బొడిపె మిగులును.

దీనిని పరీక్షించుట సులభము. చక్కులో గుండ్రని కడ్డీ బిగించి, లేతు ఆపియుంచి, కడ్డీకిని మొనకును నడుమ సన్నని స్టీలు స్కేలును మెల్లగా నొక్కి చూడుడు. స్కేలు నిట్టనిలువుగా నిలిచినచో ఎత్తు సరిపోయినది. స్కేలు పై కొన మీ వైపు వాలినచో మొన క్రిందికున్నది. అవతలికి వాలినచో పైకున్నది.

ఇక టూల్‌పోస్టులలో ముఖ్యమైనవి మూడు రకములు.

1. లాంతరు రకము: పాతకాలపుది. ఒక్క టూలునే పట్టును. టూలును వాల్చి ఎత్తు సరిచేయుదురు గనుక కోత కోణము కూడ మారిపోవును. లోతు కోతకు అదరును.

2. నాలుగు ముఖముల రకము: గట్టిది, చౌక. ఎత్తుకు టూలు క్రింద రేకు ముక్కలు వేయవలెను. గాడి అడుగునుండి సెంటరు 12 మి.మీ. ఎత్తున ఉన్నదనుకొనుడు. 10 మి.మీ. టూలుకు 2 మి.మీ. రేకు కావలెను. ఏ టూలు రేకులను ఆ టూలుకే దారముతో కట్టి ఉంచినచో మరునాడు వెదకనక్కరలేదు.

3. త్వరగా మార్చు రకము: ప్రతి టూలుకు వేరు హోల్డరు ఉండును. మరతో ఒకసారి ఎత్తు సరిచేసిన చాలును, రేకులు అక్కరలేదు. ఖరీదు మాత్రము ఎక్కువ.

నా పొరపాటు కూడ చెప్పెదను. మూడవ రకమును కొలత చూడకయే కొంటిని. అది నా లేతుకు పెద్దది. హోల్డరును అడుగంటా దించినను మొన సెంటరుకు పైననే ఉండెను. డబ్బు పోసి కొన్న పోస్టు మూల పడినది. ఆ ఏడు బుష్షులన్నియు పాత నాలుగు ముఖముల పోస్టుతోనే చేసితిని.

కావున కొనుటకు ముందు, పోస్టు కూర్చుండు స్లైడు పైభాగమునుండి సెంటరు వరకు ఎత్తు కొలిచి, ఆ కొలతకు సరిపడు పోస్టునే అడుగుడు. ఏడాదికి నాలుగు బుష్షులు, పది పిన్నులు చేయువారికి నాలుగు ముఖముల పోస్టు చాలును. గంటకు పలుమార్లు టూళ్లు మార్చువారికే మూడవది గిట్టుబాటు. ఏ రకమైనను టూలును పోస్టు బయటకు వీలైనంత తక్కువగా ఉంచి బిగింపవలెను.

చివరి మాట. టూలు మార్చునపుడు లేతు ఆపుడు. చక్కు తాళము చక్కులో మరచిపోకుడు. కండువా తీసి ప్రక్కన పెట్టుడు. చేతి తొడుగులు వద్దు. కండ్లకు అద్దములు ధరింపుడు. బుష్షు పోయిన మరియొకటి చేసికొనవచ్చును. వ్రేలు పోయిన రాదు.