కంచే చేను మేస్తే



కరెంటు పోయిందంటే మన చేయి చీకట్లోనే అగ్గిపెట్టె కోసం గూట్లోకి వెళుతుంది. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో ఆ శ్రమా లేదు. మరి 35,000 అడుగుల ఎత్తున విమానంలో కరెంటు పోతే? ఆరిపోయేవి దీపాలు మాత్రమే కాదు. పైలట్ ముందున్న తెరలూ, రేడియో అన్నీ కరెంటు మీద నడిచేవే.

అందుకే ఒకటికి నాలుగు ఏర్పాట్లుంటాయి. పెద్ద ఇంజన్లు తిప్పే జనరేటర్లు, తోకలో ఒక చిన్న ఇంజను, బ్యాటరీలు. ఇవి చాలనప్పుడు చిన్న గాలిమర ఒకటి బయటికి వచ్చి, ఎదురుగాలికి గిరగిరా తిరుగుతూ శక్తినిస్తుంది. 2001లో ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయిన ఎయిర్ ట్రాన్సాట్ విమానం అట్లాంటిక్ మీద సుమారు 19 నిమిషాలు తేలుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. 306 మంది ప్రాణాలూ దక్కాయి. ఆ చిన్న గాలిమర చేసిన మేలు ఇంతా అంతా కాదు.

అయితే, కాపాడవలసినదే నిప్పు పెడితే?

2013 జనవరి 7న అమెరికాలోని బోస్టన్ విమానాశ్రయంలో, ప్రయాణికులను దించి నిలిచి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787లో శుభ్రం చేసేవాళ్ళకు పొగ కనిపించింది. చూస్తే, తోకలోని చిన్న ఇంజనును స్టార్టు చేసే లిథియం బ్యాటరీయే కాలుతోంది! తొమ్మిది రోజులకే జపాన్‌లో, గాలిలో ఉన్న మరో 787లో బ్యాటరీ చెడింది. దాన్ని హుటాహుటిన తకమత్సులో దించారు. ప్రపంచంలోని 787లన్నిటినీ ఆపేశారు, మన ఎయిర్ ఇండియా వాటితో సహా.

బోస్టన్ విచారణలో తేలిందేమిటంటే, ఆ బ్యాటరీలో ఎనిమిది అరలున్నాయి. ఒక అరలో లోపల షార్టయింది. ఆ వేడి పక్క అరలకు పాకింది. అలా పాకదని కంపెనీ అనుకుంది. అనుమతి ఇచ్చిన ప్రభుత్వ సంస్థా గట్టిగా నిలదీయలేదు.

తరువాత అరల మధ్య వేడి పాకకుండా అడ్డులు పెట్టారు. బ్యాటరీని ఉక్కు పెట్టెలో బిగించి, పొగ బయటికి పోయే గొట్టం అమర్చారు. 2014 జనవరిలో నరితాలో నిలిచి ఉన్న 787లో మళ్ళీ ఒక అర చెడింది. కానీ ఈసారి మంట లేదు, పక్కవాటికి పాకలేదు.

చూశారా! "చెడదులే" అనుకోవడం వేరు, "చెడితే ఏం చేద్దాం?" అనుకోవడం వేరు. మన ఇన్వర్టరు బ్యాటరీ గాలి ఆడే చోటే ఉందా? దాని మీద పాత పేపర్లూ, బట్టలూ పేర్చామా? ఈ సాయంత్రమే ఒకసారి చూసుకోండి.